ఆ ఇద్దరు పిల్లకాయల కోసం కదిలిన అందరికీ

తండ్రి మత్తు అలవాటు వల్ల ఆపదలో పడ్డ మా వీధి పిల్లకాయలు ఇద్దరూ ఇప్పుడు అమ్మమ్మ దగ్గర క్షేమంగా ఉన్నారు. అందుకు కారణమైన వాళ్లకు వీధి తరఫున దండం పెట్టుకుందామని ఇది రాస్తున్నా. ఊరు నెల్లూరు అని మాత్రం చెబుతా. వీధి పేరు, పిల్లల పేర్లు అడగొద్దు. ఇట్లాంటి పిల్లల గుర్తులు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. చట్టం సంగతి అటుంచినా, రేపు ఆ పిల్లోడు బళ్లో తలెత్తుకొని తిరగాలి కదా.

తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయింది. ఆమె పంపే డబ్బులు తండ్రి గంజాయికి, ఆ తర్వాత మత్తు మాత్రలకు పోయేవి. ఓ సాయంత్రం నాలుగేళ్ల పాప మంచం కింద దొరికిన మాత్రలు చాక్లెట్ బిళ్లలనుకొని మింగేసింది. ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు. ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామని ఎవరో గిన్నె తెచ్చారు కూడా. మా అంగన్‌వాడీ టీచరమ్మ గట్టిగా అడ్డుపడింది. మత్తులో ఉన్న బిడ్డకు అట్లా కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆమె చేసిన ఇంకో మంచి పని, ఖాళీ స్ట్రిప్పు వెతికి చేతిలో పట్టుకొని 108 ఎక్కడం. దర్గామిట్ట పెద్దాసుపత్రిలో డాక్టర్లకు అది ఏ మందో చూడగానే తెలిసింది. టీచరమ్మా, నీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఆ రాత్రంతా పాప ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్న నర్సమ్మకు కూడా.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసింది ఎవరో నేను చెప్పను, వాళ్లూ చెప్పలేదు. ఫోన్ చేసినవాళ్ల పేరు ఆ ఇంటికి తెలిసిపోతుందేమోనన్న టెన్షన్‌తోనే చాలామంది నోరు మూసుకొని ఉంటారు, అందుకే రాస్తున్నా. ఆ హెల్ప్‌లైన్ నుంచి వచ్చిన అమ్మాయి యూనిఫాం లేకుండా, పిల్లోడి పక్కన నేల మీద కూర్చొని ముందు వాడి బొమ్మల పుస్తకం చూసింది. అప్పుడు చెప్పాడు వాడు, నాన్న తనను గంజాయి పొట్లాలు తెమ్మని పంపేవాడని. చిన్నపిల్లలతో మత్తు సరుకు మోయిస్తే అదే జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. ఆ నేరం మోయించినవాళ్లది, పిల్లోడిది కాదు. ఎవరూ వాణ్ణి దొంగలా చూడలేదు, స్టేషన్ మెట్లు ఎక్కించలేదు. అందుకు పోలీసులకు కూడా నమస్కారం.

24 గంటల లోపే పిల్లల్ని, ఇట్లాంటి బిడ్డలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టారు. కమిటీ వాళ్లు తల్లితో వీడియో కాల్‌లో మాట్లాడారు. పిల్లల్ని హోంలో వేస్తారని వీధంతా భయపడింది గానీ, సొంతవాళ్లు ఉంటే ముందు వాళ్ల దగ్గరికే పంపాలని చూస్తారట. ఒంగోలు వైపు ఉండే అమ్మమ్మ ఇల్లు అక్కడి జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు పోయి చూసి వచ్చాకే పిల్లల్ని అప్పగించారు. పింఛను డబ్బులతో బతికే ముసలామె ఒక్క క్షణం వెనకాడకుండా "నా బిడ్డలే" అంది. పిల్లల కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చే స్పాన్సర్‌షిప్‌కు కాగితాలు రాసిపెట్టిన సోషల్ వర్కర్ అన్నకు అవ్వ తరఫున కూడా నేనే చెబుతున్నా.

తండ్రి సంగతి. కొడుకును పొట్లాలకు పంపిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. పొట్లాల కేసు దాని దారిన అది నడుస్తోంది. కానీ అలవాటైన మనిషి తనంతట తాను వైద్యానికి వస్తే, తాను వాడినందుకు పెట్టే కేసు నుంచి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఏ సెక్షన్ కింద వెసులుబాటు ఉందని కౌన్సెలర్ ఓపిగ్గా విడమరచి చెప్పాకే అతను డీ అడిక్షన్ వార్డులో చేరాడు. బాగుపడి వస్తాడా అంటే చూడాలి. పిల్లల్ని కలవాలన్నా కమిటీ ఒప్పుకోవాలి.

మీ ఇంటి పక్కన ఇట్లాంటిది ఉంటే పిల్లల కోసం 1098, అలవాటు మాన్పించే సలహాకు 14446, గంజాయి అమ్మేవాళ్ల సమాచారానికి మన రాష్ట్రంలో మత్తు సరుకును అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972.

చివరగా బడి హెడ్మిస్ట్రెస్ మేడం. టీసీకి తండ్రి సంతకం కావాలని కూర్చోకుండా, కమిటీ ఉత్తర్వు కాపీ చూసి అదే రోజు ఇచ్చేశారు. పిల్లోడు అమ్మమ్మ ఊరి బళ్లో చేరిపోయాడు మేడం, మీరు కొనిచ్చిన బ్యాగుతోనే.