రెక్క ఊడిన ఫ్లైల గురించి, ఆలస్యమైన ఆర్డర్ల గురించి

స్టీల్‌హెడ్ చేపలు పట్టడానికి గాలపు కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు కట్టి నేను అమ్మే ఎరలే ఈ ఫ్లైలు. జూలైలో నా దగ్గర వాటిలో గ్రీన్ బట్ స్కంక్ అనే రకం తీసుకున్నవారిలో ముగ్గురు, అమెరికాలోని ఆరెగాన్‌లో ఉన్న నార్త్ అంప్‌క్వా నదిలో పది పన్నెండు సార్లు విసిరేసరికే తెల్ల రెక్క కుచ్చులు కుచ్చులుగా ఊడివచ్చిందని తెలియజేశారు. తప్పు పూర్తిగా నాదే. తిరిగి వచ్చిన ఫ్లైని వైస్ అనే బిగింపు పరికరంలో బిగించి, తల దగ్గరి దారాన్ని బ్లేడుతో ఒక్కో చుట్టే విప్పి చూస్తే కారణం తెలిసింది. రెక్క నిండుగా కనిపించాలన్న ఆశతో జింక తోక వెంట్రుకలను కావలసినదానికి రెట్టింపు పెట్టాను, వాటి అడుగున ఉండే మెత్తని నూగును దువ్వి తీయలేదు, అందువల్ల మధ్యలోని వెంట్రుకలకు దారం పట్టూ దొరకలేదు, జిగురూ అంటలేదు. ఫొటోలో మాత్రం అది చాలా అందంగా ఉంది.

ఇప్పుడు సగం వెంట్రుకలే తీసుకుని, మొదళ్లను ఏటవాలుగా కత్తిరించి, జిగురు చుక్కతో తడిపి, ఆ తడి ఆరకముందే దారం బిగిస్తున్నాను. ఎర్ర ఈక పోచల తోక, దాని ముందు షనీల్ అనే ఆకుపచ్చ నూగు దారపు చుట్టు, నల్ల షనీల్ ఒంటిమీద వెండి జలతారు, మెడకు నల్లని కోడి ఈక ఎప్పటిలాగే ఉంటాయి. పాతవారు రెక్కకు వాడిన ధ్రువపు ఎలుగుబంటి వెంట్రుకలతోనే కట్టమని కొందరు అడుగుతున్నారు. 1972లో అమెరికాలో ధ్రువపు ఎలుగుబంటికీ వర్తించే సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది కనుక ఆ పని నేను చేయను.

ఫ్లైలు కట్టడంలో పేరుపొందిన పాతతరం నిపుణుడు సిడ్ గ్లాసో పద్ధతిలో, పొడవైన ఈక పోచలతో కట్టే స్పే తరహా ఫ్లైల ధర పెంచక తప్పడం లేదు. ఆయన వాడిన కొంగ ఈకలను నేడు అమెరికాలో అమ్మడం, కొనడం నేరం. వాటికి బదులు వాడుతున్న నీలి చెవుల ఫెజంట్ అనే పక్షి ఈకలు ఖరీదైనవి, పైగా పొడవైన పోచలున్న ఈకలు ఒక్కో తోలు మీద కొన్నే దొరుకుతాయి.

సెలవులకు ఊరు వెళ్తూ అడవికోడి మెడ ఈకలు తెచ్చిపెడతానని మనవారొకరు అభిమానంగా అన్నారు. దయచేసి తేవద్దు. మైనపు చుక్కల్లా మెరిసే ఆ ఈకలంటే నాకూ మోజే, కానీ ఆ పక్షికి మన దేశంలో వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఈకల ఎగుమతి నిషిద్ధం. పెంపకపు పక్షుల నుంచి చట్టబద్ధంగా వచ్చినవే నేను కొంటాను.

జూలై ఫ్లైలన్నిటికీ, ఊడినా ఊడకపోయినా, కొత్తవి ఉచితంగా పంపుతాను. ముందు అవి కట్టాలి కనుక సెప్టెంబరు ఆర్డర్లు రెండు వారాలు ఆలస్యమవుతాయి. పులసలా ఏటికి ఎదురెక్కే స్టీల్‌హెడ్ మన కోసం ఆగదని తెలుసు కాబట్టి, అంతవరకు వేచి ఉండలేనివారు ఒక్కమాట చెబితే డబ్బు వెంటనే తిరిగి పంపిస్తాను.