చింతాద్రిపేట మగ్గాలు, లండన్ చట్టాలు

సంపాదకుల వారికి,

మద్రాసు దినోత్సవంపై మీరు వేసిన వ్యాసం 1639లో స్థానిక పాలకుడు దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లండు ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోమని ఇచ్చిన అనుమతి దగ్గరే ఆగింది. ఆ కోట నుంచి వ్యాపారం ఎలా నడిచిందో కూడా చెప్పాలి కదా!

దేశానికి సంపదంటే వెండి బంగారాలేనని, ఎగుమతులు దిగుమతుల్ని మించాలని ఆనాటి ఇంగ్లండు వాణిజ్యవాదులు నమ్మారు. ఈస్టిండియా కంపెనీకి చిక్కు అక్కడే వచ్చింది. వాళ్ల ఉన్ని బట్టలకు ఇక్కడ గిరాకీ లేదు. అందుకే ఓడల్లో వెండి తెచ్చి, స్థానిక వర్తకుల ద్వారా నేతగాళ్లకు బయానాలిచ్చి నూలు బట్టలు కొనేది. వెండి తరలిపోతోందని ఇంగ్లండులో గోల చేస్తే, ఆసియా సరుకును ఇతర దేశాలకు తిరిగి అమ్మితే అంతకు మించి వెనక్కొస్తుందని కంపెనీ డైరెక్టరు థామస్ మన్ వాదించాడు. 1700 నాటి చట్టం అద్దకపు బట్టల్ని ఇంగ్లండులో వాడటానికి తేవద్దంది గానీ తిరిగి ఎగుమతి చేసుకోనిచ్చింది. 1721లో అక్కడ కట్టుకోవడంపైనా ఆంక్షలు పెట్టారు. అయినా 1734లో మద్రాసులో నేతగాళ్ల కోసమే చింతాద్రిపేట వెలిసింది. కంపెనీకి మన బట్ట అంత అవసరం.

1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు, కంపెనీకి చిక్కాక పద్ధతే మారింది. అక్కడి రైతుల శిస్తుతోనే అక్కడి సరుకు కొని లండన్‌కు పంపారు. ఇంగ్లండు నుంచి వెండి తేవాల్సిన అవసరం బాగా తగ్గింది. సరుకు పోయింది, బదులుగా దేశంలోకి వచ్చిందేమీ లేదు. వలస దోపిడీ అంటే కత్తులూ ఫిరంగులే కాదు, ఈ లెక్క కూడా. దయచేసి దీనిపై మరో వ్యాసం వేయండి.

— ఒక పాఠకుడు, చెన్నై