కార్నియా వేశాక ఏమవుతోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు జరిగిన నేత్రదాన పక్షోత్సవాల వార్తలు మీ పత్రికలో చదివాను. ఎన్ని కళ్లు సేకరించారో, ఎన్ని ఆపరేషన్లు చేశారో రాశారు. సంతోషం. ఆ కళ్ల నుంచి తీసిన కార్నియాలు (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరలు) వేయించుకున్నవాళ్లకు నాలుగైదేళ్ల తర్వాత చూపు ఎలా ఉందో మాత్రం ఎక్కడా కనిపించలేదు. అలాంటి కన్ను మా ఇంట్లో ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట కొనుగోలు కేంద్రంలో వడ్లు తూర్పార పడుతుంటే మా నాయన కంట్లో పొట్టు పడింది. తువ్వాలతో తుడుచుకుని పనిలో పడ్డాడు. మర్నాటికి కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు, నొప్పి తగ్గాయి. నయమైందనుకున్నాం. అది స్టెరాయిడ్ మందు. పైకి ఎరుపును అణిచింది కానీ లోపలి ఫంగస్‌కు అదే ఎరువైంది. పదో రోజుకు నల్లగుడ్డు మీద తెల్లటి పుండు, తల దిండు మీద ఆన్చలేనంత పోటు. హైదరాబాద్ తీసుకెళ్లేసరికి కార్నియా చిల్లుపడే స్థితికి వచ్చింది. దాన్ని కోసి తీసేసి, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన కార్నియా వేశారు.

కట్టు విప్పినప్పుడు చూశాను. నల్లగుడ్డు చుట్టూ వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్లు, బండిచక్రం ఆకుల్లా. "ఇది కన్ను నిలబెట్టడానికి చేసిన ఆపరేషన్. చూపు సంగతి తర్వాత" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అప్పుడు మా బుర్రకెక్కలేదు.

కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ లాంటి జబ్బుకు కార్నియా మారిస్తే చాలామందికి ఏళ్ల తరబడి తేటగా ఉంటుంది. పుండు పడిన కంటికి అంత భరోసా లేదు. పుండంతా పోవాలంటే పెద్ద ముక్క కోయాలి. అది రక్తనాళాలున్న అంచు దాకా వస్తుంది కాబట్టి, కొత్త కార్నియాను శరీరం పరాయిదని తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. దాన్ని ఆపేది స్టెరాయిడ్ చుక్కలే. కానీ ఫంగస్ పోయిందని నమ్మకం కుదిరే దాకా వాటిని వేయడానికి డాక్టర్లు భయపడతారు. కన్ను రెండు వైపుల నుంచీ నలిగిపోతుంది. దానికి తోడు గ్లకోమా (కంట్లో ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు), శుక్లం. మా నాయనకు రెండో ఏడు గ్లకోమా వచ్చింది, మూడో ఏడు కార్నియా మసకబారింది. ఇప్పుడు ఆ కంటికి వెలుతురు, మనిషి నీడ తెలుస్తాయి, అంతే.

ఆపరేషన్ ఉచితంగా చేశారు, ఆ రుణం తీర్చుకోలేం. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఒక్క చెకప్‌కు వెళ్లాలంటే ఇద్దరి కూలి పోతుంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక నాకు బస్సు టికెట్ అక్కర్లేదు, పేషెంటైన నాయనకు మాత్రం కొనాల్సిందే. అప్పట్లో నాట్ల టైంలో రెండు చెకప్‌లు మానేశాం. నొప్పి లేదు కదా అనుకున్నాం. కంట్లో ప్రెషర్ ఆ మధ్యలోనే పెరిగింది. ఆ ప్రెషర్ చూసే మిషను, దాన్ని తగ్గించే చుక్కల మందు మిర్యాలగూడలోనే దొరికుంటే మానేసేవాళ్లం కాదు. 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు పేరుతో ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లజోళ్లు ఇచ్చిన రాష్ట్రానికి ఇది చేతకాని పని కాదు.

ఇంకో మాట. నేపాల్‌లోని భక్తపూర్‌లో, కార్నియా గీసుకుపోయినవాళ్లకు ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలే మూడు రోజులు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ వేశారు. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదని 2001లో ఆ అధ్యయనం అచ్చయింది. మన ఆశా అక్కలకు ఇది నేర్పడం కష్టమా? డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మకుండా మెడికల్ షాపులను కట్టడి చేయడం కష్టమా?

వానాకాలం కోతలు దగ్గరపడ్డాయి. కొనుగోలు కేంద్రాలకు గోనె సంచులు పంపేటప్పుడే, తూర్పార మిషన్ దగ్గర నిలబడేవాళ్లకు పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు కూడా పంపాలని మీ పత్రిక ద్వారా అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రైతు కూతురు,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా