తెలుగు రిజిష్టర్లు చదవకుండా మా చర్చి చరిత్ర అచ్చువేయవద్దు

సంపాదకులకు,

నమస్కారములు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి ఎంతో దూరం లేని మా చిన్న పట్టణపు బాప్టిస్టు చర్చి చరిత్రను పుస్తకంగా తేవాలని సంఘ పెద్దలు తలపెట్టారు. పని మంచిదే. అయితే నాకు చూపించిన ఒడియా చిత్తుప్రతి కెనడా దొరలు వచ్చారు, స్థలం సంపాదించారు, మందిరం కట్టారు, వెళ్లిపోయారు అన్న నాలుగు మాటల చుట్టూనే తిరుగుతున్నది. ఆ మాటలు అబద్ధం కావు గాని, అవే చరిత్ర అనుకుంటే మా తాతముత్తాతలు అందులో గోడలు కట్టిన కూలీలుగా కూడా మిగలరు.

ఈ ప్రాంతానికి క్రైస్తవం కెనడా వారితోనే మొదలు కాలేదు. ఇంగ్లండు బాప్టిస్టులు 1822లో కటకంలో పని మొదలుపెట్టగా, 1827లో బరంపురంలో వారి చేతి మీదుగా తొలి బాప్తిస్మం పొందినది ఒక తెలుగువాడు. తెలుగు క్రైస్తవులు ప్రతి ఆదివారమూ ఎవరి కీర్తనలు పాడుకుంటున్నారో ఆ పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి తాలూకా మదనాపురంలో పుట్టారు. వంశం వంగదేశపు బ్రాహ్మణులది, 1833లో బాప్తిస్మం పొందినది కటకంలో, కీర్తనలు రాసినది తెలుగులో. ఆయనను ఏ రాష్ట్రం వారి లెక్కలో వేయాలో సరిహద్దు గీసిన వారే చెప్పాలి. చిత్తుప్రతిలో ఆయన పేరే లేదు.

ఇక కెనడా వారి సంగతి. వారి తూర్పు తీరపు రాష్ట్రాల బాప్టిస్టులు మొదట కరెన్ జాతి వారి మధ్య పనిచేయాలని సయాము (నేటి థాయిలాండ్) దేశం వెళ్లి, అక్కడ అనుకున్నట్టు సాగక 1875లో తెలుగు దేశానికి మళ్లారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి మీదుగా వారి పని పర్లాకిమిడి దాకా వచ్చింది. అప్పటికి మా ప్రాంతం మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని గంజాం జిల్లా. దొరలు నేర్చుకున్నది తెలుగు, బోధకులూ, ఇంటింటికీ వెళ్లి బైబిలు బోధించే బైబిలు స్త్రీలూ మాట్లాడినది తెలుగు, సంఘం లెక్కలు రాసినది తెలుగు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరేదాకా ఇది ఎవరికీ వింతగా తోచలేదు. క్రైస్తవులు కాకపోయినా, కొండల్లోని సవరల భాషకు నిఘంటువు కూర్చి మిషనరీలకు సైతం దారి చూపిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఏడే పర్లాకిమిడి వదిలి రాజమండ్రికి వెళ్లిపోయారు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మందిరం వెనుక గదిలోని ఇనుప పెట్టె. అందులో పాత బాప్తిస్మపు రిజిష్టర్లు, వివాహపు రిజిష్టర్లు ఉన్నాయి. ఒక పుట తిప్పితే వరుస సంఖ్య, తేదీ, పేరు, తండ్రి పేరు, గ్రామం, బాప్తిస్మమిచ్చిన వారి పేరు అన్నీ గొలుసుకట్టు రాతలో, అరసున్నలతో, బండి ఱలతో కనిపిస్తాయి. గ్రామం అన్న గడిలో నేటి శ్రీకాకుళం జిల్లా ఊళ్లూ మా జిల్లా ఊళ్లూ కలగలిసి ఉంటాయి. పక్కన ఎర్రసిరాతో రాసిన చిన్న ముక్కలే నన్ను ఎక్కువసేపు ఆపాయి: "రంగూను పోయెను", "జ్వరముచే మృతి", మరొకచోట "మరల వచ్చి సంఘములో చేరెను". ఎక్కడికి పోయి వచ్చిందో రాయలేదు గాని, ఆ ఒక్క మాటలో ఒక మనిషి జీవితం ఉంది. అలాంటి మనుషులు వందల మంది ఆ పెట్టెలో ఉండగా పుస్తకంలో దొరల ఫొటోలు మాత్రమే వేయడం న్యాయం కాదు.

మొన్నటి వర్షాలకు పైకప్పు కారి ఒక రిజిష్టరు నానిపోయింది. చెత్తలో వేయబోతుంటే అడిగి తెచ్చుకుని, పుటల మధ్య పాత వార్తాపత్రికలు పెట్టి మూడు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాను. సగం పుటలు విడివడ్డాయి, మిగతావి అట్టలా అంటుకుపోయాయి. ఎవరి మీదా నేరం మోపడం లేదు. చదవలేని పుస్తకం ఎవరికైనా చిత్తు కాగితమే. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. నా మనవరాలికి ఆ రిజిష్టరు చూపిస్తే "తాతా, ఇవి జిలేబీల్లా ఉన్నాయి" అన్నది.

సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. పుస్తకాన్ని ఒక ఏడాది ఆపండి. ముందు ప్రతి పుటనూ ఫోనుతోనైనా సరే ఫొటో తీయించి, తెలుగు చదివే వారిని కూర్చోబెట్టి పేర్లనూ ఊళ్లనూ ఒడియాలోకి ఎత్తి రాయించండి. సరిహద్దుకు అటు పాతపట్నం, టెక్కలి వైపు సంఘాల్లోనూ ఇలాంటి పెట్టెలు ఉంటాయి గనుక వారితో సరిచూసుకుంటే తెగిపోయిన కుటుంబాల ఆచూకీ కూడా దొరకవచ్చు. ఈ పని వాయిదా వేయడానికి వీలు లేదని ఎందుకు అంటున్నానంటే, ఆ గొలుసుకట్టు చదవగలిగిన వారం మా సంఘంలో ఇప్పుడు నలుగురమే ఉన్నాం. అందులో ఇద్దరికి కంట్లో శుక్లాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గజపతి జిల్లా, ఒడిశా.