నౌరోజీ ఉత్తరాలు మిగిలాయి, మన అటకల మీదివి?

సంపాదకులకు నమస్కారం.

దాదాభాయి నౌరోజీ అనగానే 1892లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నిక, భారత సంపద బ్రిటన్‌కు తరలిపోతోందన్న సిద్ధాంతం, 1886, 1893, 1906లలో కాంగ్రెస్ అధ్యక్షత చెప్పుకొని ఆగిపోతాం. 1886లో లండన్‌లోని హోబర్న్ నియోజకవర్గంలో ఓడిన మనిషి ఆరేళ్లకు అదే నగరంలోని సెంట్రల్ ఫిన్స్‌బరీలో ఒక చేతి వేళ్లకు మించని ఆధిక్యంతో ఎలా గట్టెక్కాడు? అభ్యర్థిత్వంపై అక్కడి లిబరల్ పార్టీలోనే పడ్డ తగువును ఎలా తట్టుకున్నాడు? జవాబు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ (జాతీయ పత్రాగారం)లో ఉన్న ఆయన పత్రాల్లో దొరుకుతుంది. బొంబాయి నుంచి కాంగ్రెస్ నాయకుడు దిన్షా వాచా రాసిన ఉత్తరాల్లోనైతే కాంగ్రెస్ లోపలి మాటలెన్నో ఉన్నాయి. ఉపన్యాసాల్లో అవి వినపడవు.

1891లో నాగపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యుల తరం నుంచి మన వాళ్లూ ఉత్తరాలు రాశారు. అలాంటివి ఇంట్లో ఉన్నవారికి ఒక విన్నపం: దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి కరిగి కాగితానికి అంటిన ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై అక్షరాల్లోకి దిగుతుంది. గుండుసూదులు, క్లిప్పులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి, మెల్లగా తీసేయండి. పాత నల్లసిరాలోని ఇనుము, ఆమ్లం కలిసి గీతల వెంబడే కాగితాన్ని చిల్లులు పొడుస్తాయి కాబట్టి అలాంటి పుటలను మడవకూడదు. పత్రికల కత్తిరింపులు వేరే కవరులో ఉంచాలి, వాటి ఆమ్లం పక్క కాగితాన్నీ గోధుమరంగుకు తెస్తుంది.

కట్టలు విప్పి తేదీల వారీగా పేర్చాలన్న ఉత్సాహం ఇంకా ప్రమాదం. ఏ ఉత్తరం దేని పక్కన ఉందో అదే సాక్ష్యం. ముందుగా, ఉన్న వరుసలోనే ప్రతి కాగితం వెనకవైపు మూలన మెత్తటి పెన్సిలుతో సంఖ్య వేసి, రెండు వైపులా ఫొటో తీయండి. కవరు పారేయవద్దు. తేదీ లేని ఉత్తరానికి తపాలా ముద్రే ఆధారం. దాచిన చోట గాలిలో తేమ 45-55 శాతం మధ్య ఉంటే మంచిది. అటక, వంటింటి గోడ పనికిరావు. రామబాణం పురుగు, చెదలు అక్కడే చేరతాయి.

ప్రైవేటు వ్యక్తుల పత్రాలను కానుకగా తీసుకునే వీలు 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కింద నేషనల్ ఆర్కైవ్స్‌కు ఉంది. ఇచ్చేముందు జాబితా రెండు ప్రతులు రాసి ఒకదాని మీద రసీదు సంతకం తీసుకోండి. ఏవి ఎప్పటిదాకా ఇతరులకు చూపకూడదనుకుంటున్నారో కూడా కాగితం మీదే పెట్టించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం