కాలేజీల స్కోరు రేంజ్ పక్కన ఇంకో అంకె వేయించండి

అమెరికా విద్యాశాఖ మంత్రి గారికి,

మా అమ్మాయికి కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో 1600కి 1480 వచ్చింది. తను చేరాలనుకున్న కాలేజీ వెబ్‌సైట్‌లో "మిడిల్ 50 శాతం: 1500–1560" అని, అంటే మధ్య సగం మంది స్కోర్ల రేంజ్ చూసి, స్కోరు పంపనంది. ఆ రాత్రి నేను ఆ కాలేజీ కామన్ డేటా సెట్ (కాలేజీలు ఒకే నమూనాలో ప్రకటించే వివరాల పత్రం) తెరిచాను. సి9 విభాగంలో అసలు సంగతి బయటపడింది. చేరినవాళ్లలో ఎస్‌ఏటీ స్కోరు ఇచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. పైగా రేంజ్ కింది అంచు, అంటే 25వ పర్సంటైల్, 1500 అంటే, ఇచ్చినవాళ్లలోనూ దాదాపు పావు వంతు మందికి అంతకంటే తక్కువే వచ్చిందన్నమాట.

మంత్రి గారూ, నా ఫిర్యాదు ఇదే. రేంజ్ మొదటి పేజీలో మెరుస్తుంది, అది ఎంతమంది లెక్కో ఎక్కడో పీడీఎఫ్ అడుగున ఉంటుంది.

2020లో కొవిడ్ వల్ల చాలా కాలేజీలు స్కోర్లు ఇవ్వడం, మానడం విద్యార్థి ఇష్టానికే వదిలేశాయి. తక్కువ వచ్చినవాళ్లు సహజంగానే పంపరు. దాంతో రేంజ్ పైకి జరుగుతుంది. మరుసటి ఏడాది దాన్ని చూసి ఇంకొందరు వెనక్కి తగ్గుతారు, రేంజ్ ఇంకాస్త ఎక్కుతుంది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. డార్ట్‌మత్ కాలేజీ 2024 ఫిబ్రవరిలో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసినప్పుడు, అక్కడి ప్రొఫెసర్ల అధ్యయనం చెప్పిందీ ఇలాంటిదే: పంపి ఉంటే మేలు చేసే స్కోర్లను కూడా కొందరు పేదింటి పిల్లలు పంపకుండా దాచుకున్నారట. చెప్పేవాళ్లు లేని ఇళ్లలోనే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఎంఐటీ 2022లోనే పరీక్షను తిరిగి తెచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రవేశాల్లో స్కోర్ల మొహమే చూడదు. ఈ రెండింటి మధ్య, ఇష్టమైతేనే పంపమనే కాలేజీలు. పరీక్ష తప్పనిసరైన చోట రేంజ్ తరగతి మొత్తానిది, ఇష్టానికి వదిలిన చోట ధైర్యం చేసి స్కోరు పంపినవాళ్లది. రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చుంటాయి. (నేనూ కూర్చోబెట్టాను, ఎక్సెల్‌లో రంగులు వేసి మరీ.)

సీటొచ్చినవాళ్లు వేరు, చేరినవాళ్లు వేరు. మంచి స్కోరు ఉన్నవాళ్లకు నాలుగైదు చోట్ల సీటొస్తుంది, చేరేది ఒక్కచోటే. అందుకే సీటొచ్చినవాళ్ల రేంజ్ ఎక్కువగా కనిపిస్తుంది. ఎమరీ విశ్వవిద్యాలయం చేరినవాళ్లకు బదులు సీటొచ్చినవాళ్ల స్కోర్లు ఏళ్ల తరబడి చూపించానని 2012లో ఒప్పుకుంది. దరఖాస్తు పెట్టినవాళ్లు, సీటొచ్చినవాళ్లు, చేరినవాళ్ల వివరాలు విడివిడిగా సేకరించమని 2025 ఆగస్టులో అధ్యక్షుడి నుంచి మీ శాఖకు ఆదేశాలు వచ్చాయి. దాని రాజకీయం ఎలా ఉన్నా, మూడు గుంపుల్నీ విడదీయడం నాకు నచ్చింది.

నేనడిగేది అంతకంటే చిన్నది. స్కోరు ఇచ్చినవాళ్ల శాతాన్ని మీ శాఖ కాలేజీల నుంచి వివరాలు సేకరించే ఐపెడ్స్ సర్వే ద్వారా ఏటా తీసుకుంటూనే ఉంది, కాలేజ్ నావిగేటర్ అనే మీ వెబ్‌సైట్‌లో చూపిస్తోంది కూడా. ఫెడరల్ సాయం తీసుకునే ఏ కాలేజీ అయినా రేంజ్ ప్రకటించిన ప్రతిచోటా ఆ శాతాన్ని అదే వరుసలో, అదే సైజు అక్షరాల్లో వేయాలని నిబంధన తెండి. ఆ రేంజ్ చేరినవాళ్లదో, సీటొచ్చినవాళ్లదో కూడా ఒక్క మాటలో రాయించండి.

మా అమ్మాయి చివరికి స్కోరు పంపింది. మావాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మీకు మూడేళ్ల సమయం ఉంది.

ఇట్లు,
ఒక తల్లి