ఆఖరి రోజుల్లో తోడుండడం నేర్పినవాళ్లకు

హాస్పిస్‌లో (ఇక నయం కాని రోగులను చూసుకునే చోట), ఇళ్లలో చివరి దశలో ఉన్న రోగులకు ఆధ్యాత్మికంగా తోడుండే పని కోసం నేను తీసుకున్న శిక్షణ పూర్తయింది. తిరుపతిలో ఇల్లు, పిల్లల చదువు చూసుకుంటూ ఇది పూర్తి చేయడం నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. తోడ్పడినవాళ్లకు ఇక్కడ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందుగా మా మేడమ్‌గారికి. ఈ శిక్షణలో క్లాసులకన్నా కష్టమైనది రాత పని. రోగితో మాట్లాడి వచ్చాక పేరు, ఊరు మార్చి, గుర్తున్నంతవరకు మాటకు మాట రాయాలి. ఆమె ఏమంది, నేనేమన్నాను, ఎక్కడ ఇద్దరం ఆగిపోయాం, అప్పుడు నా మనసులో ఏముంది, అన్నీ. మేడమ్ ఒక్కో వాక్యం చదివి "ఇక్కడ ఆమె అడిగింది దేవుడి గురించా, కొడుకు గురించా?" అని అడిగేవారు. "సామి నాకెందుకిట్ల చేసినాడు?" అని రోగి అడిగినప్పుడు "అంతా ఆయనే చూసుకుంటాడమ్మా" అంటే ఇక ఆమె నోరు విప్పదని, కాసేపు ఆగి వినాలని అలా చదివి చదివి నేర్పారు. అమెరికాలో 1925లో యాంటన్ బోయిసెన్ అనే పాస్టర్ ఒక మానసిక ఆసుపత్రిలో విద్యార్థులను రోగుల దగ్గర కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టారు. ఆ దారిలో వచ్చిన శిక్షణలో అక్కడ ఇప్పటికీ ఒక యూనిట్ అంటే 400 గంటలు. మాది అంతకన్నా చిన్నదే అయినా పద్ధతి అదే. రాత్రి ఎంత పొద్దుపోయినా నా ఫోన్ ఎత్తి, ఓపిగ్గా విన్నందుకు మేడమ్‌గారికి నమస్కారాలు.

తర్వాత మా సిస్టర్‌గారికి. కొండ కింద ఊరు కదా, ఇక్కడి రోగులను మొక్కుల బాధ బాగా పట్టి పీడిస్తుంది. తలనీలాలు ఇస్తానని మొక్కుకున్న ఒక అవ్వకు కీమోతో జుట్టంతా ఊడిపోయింది. "సామికి ఇయ్యాల్సింది పాయె, ఇంగేమిచ్చేది?" అని కుమిలిపోయేది. అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కుతానన్న మొక్కు కూడా అట్లే ఉంది. మార్ఫిన్ ఇస్తున్నా నొప్పి తగ్గలేదని చెప్పేది. ఇది మందు ఒక్కటే తీర్చే నొప్పి కాదని కనిపెట్టి నన్ను పిలిచింది సిస్టరే. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన డాక్టర్ సిసిలీ సాండర్స్ చెప్పింది ఇదే: ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి కష్టం, ఆధ్యాత్మిక వేదన అన్నీ కలిసే రోగిని పీడిస్తాయని. ఆ మొక్కు ఎవరి కోసమని అడిగితే, మనవడి కోసమని అవ్వ చాలాసేపు చెప్పింది. వాడే తన బదులు కొండకు పోతే సామి ఒప్పుకుంటాడా అని తనే అడిగి, ఒప్పుకుంటాడులే అని తనే అనుకుంది. మనవడు మెట్లెక్కి, గుండు చేయించుకుని వచ్చాడు. మార్ఫిన్ ఆపలేదు, అది కావాల్సిందే. కానీ రాత్రి నిద్ర పట్టిందని చెప్పింది.

మన నమ్మకాన్ని రోగి మంచం దగ్గరికి తీసుకెళ్లకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. అందుకే ముస్లిం రోగి ఆఖరి ఘడియల్లో పక్కన కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) చదవడం, కిబ్లా (మక్కా ఉన్న దిక్కు) వైపు తిప్పడం గురించి విడమర్చి చెప్పిన మసీదు పెద్దాయనకు, ప్రార్థన చేయమని రోగి అడిగినప్పుడు మాత్రమే చేస్తామని చెప్పిన పాస్టర్‌గారికి నేను రుణపడి ఉన్నాను.

మా అత్తమ్మ పొద్దున్నే లేచి పిల్లలకు క్యారియర్లు కట్టకపోయుంటే నేను గడప దాటేదాన్ని కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా, అంత టెన్షన్‌లోనూ నన్ను లోపలికి రానిచ్చి, తమవాళ్ల పక్కన కుర్చీ వేసిన కుటుంబాలకు చేతులెత్తి మొక్కుతున్నాను.

నగరి, పుత్తూరు వైపు నుంచి వచ్చే రోగుల్లో తమిళంలోనే మనసు విప్పేవాళ్లు ఉన్నారు. ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఈ భాషలు బాగా వచ్చి, ఇలాంటి శిక్షణ తీసుకోవాలని ఉన్నవాళ్లు నాతో చెప్పండి, మేడమ్‌గారితో మాట్లాడిస్తాను.